లిన్‌సీడ్ ఆయిల్ గుడ్డలు: నీళ్ల డబ్బాలో వేయాలా, పరిచి ఆరబెట్టాలా?

బాల్కనీ_వడ్రంగి:
ఇంట్లో టేకుతో పూజామందిరం చేస్తున్నాను. వార్నిష్ మెరుపు అమ్మకు నచ్చదు, అందుకే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తెచ్చా. తుడిచిన గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చని డబ్బా మీద హెచ్చరిక ఉంది. కొందరు వెంటనే నీళ్లలో ముంచమంటున్నారు, కొందరు విప్పి ఆరేయమంటున్నారు. మాది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్, బాల్కనీ తప్ప చోటు లేదు. ఏది మేలు?

బాడిస:
తమ్ముడూ, టెన్షన్ పడకు. మా నాన్న గడపలకీ తలుపులకీ జీవితమంతా అవిసె నూనే పట్టించాడు. గుడ్డ షెడ్డు మూలకి విసిరేసి అన్నానికి వెళ్లేవాడు. ఏనాడూ పొగ వచ్చిన పాపాన పోలేదు. దగ్గర్లో బీడీ కాల్చకుండా ఉంటే చాలు.

రసాయనం_మాస్టారు:
బాడిస గారూ, బీడీతో పనిలేదు. అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది, గొడవంతా అదే. థిన్నర్, స్పిరిట్ ఆవిరై ఆరిపోతాయి, వాటికి నిప్పు దూరంగా ఉంటే సరి. అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. చెక్క మీద పల్చగా పూస్తే ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలోకి పోతుంది. అదే గుడ్డని ఉండ చుట్టి పడేస్తే లోపలి పోగులకు గాలి అందుతుంది కానీ వేడి బయటికి రాదు. వేడెక్కేకొద్దీ చర్య ఇంకా వేగం అందుకుంటుంది. సరిగా ఆరని గడ్డి వామి వేస్తే లోపల కాగి ఒక్కోసారి అంటుకుంటుందే, అలాంటిదే ఇదీ. ముందు ఘాటు వాసన, తర్వాత పొగ. దీనికి కొన్ని గంటలు పట్టొచ్చు, అంటే మీరు పని ముగించి పడుకున్నాక. పైగా "బాయిల్డ్" అని అమ్మే నూనెలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లవణాల్లాంటివి కలుపుతారు. ఎంత త్వరగా ఆరితే అంత త్వరగా వేడెక్కుతుంది.

బాడిస:
మరి మా షెడ్డు ఎందుకు కాలలేదు మాస్టారూ?

రసాయనం_మాస్టారు:
ఒక్క గుడ్డ, గాలి ఆడే షెడ్డు. ఆయన వాడింది పచ్చి నూనె అయితే ఇంకా నెమ్మది. ఒంటి గుడ్డలో వేడి అంతగా నిలవదు. అవే గుడ్డలు పదీ పోగేసి అట్టపెట్టెలో కుక్కి చూస్తే తెలిసేది. చూడమని కాదు!

న్యూజెర్సీ_బావ:
మాకు దగ్గర్లోని ఫిలడెల్ఫియాలో జరిగింది చెప్తా. వన్ మెరిడియన్ ప్లాజా, 38 అంతస్తుల ఆఫీసు బిల్డింగ్. 1991 ఫిబ్రవరి 23 రాత్రి. 22వ అంతస్తులో చెక్కపనికి మెరుగు పెట్టినవాళ్లు లిన్‌సీడ్ ఆయిల్ గుడ్డలు అక్కడే వదిలి వెళ్లారు. వాటితో మొదలైన మంట 18 గంటలకు పైగా కాలింది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. పైపైకి పాకి, చివరికి స్ప్రింక్లర్లు ఉన్న 30వ అంతస్తు దగ్గర ఆగింది. బిల్డింగ్ మళ్లీ తెరవనే లేదు, 1999కల్లా కూల్చేశారు. కాబట్టి నా ఓటు నీళ్లకే. మూత ఉన్న రేకు డబ్బా, గుడ్డలు పూర్తిగా మునిగేంత నీళ్లు. గాలి తగలకపోతే వేడే పుట్టదు.

చిత్రిక:
బావగారూ, డబ్బాలో ఉన్నంతసేపు సరే, తర్వాతేంటి? నీళ్లు నూనెని గట్టిపరచవు, ఆ పనిని ఆపి ఉంచుతాయి అంతే. ఆ తడి గుడ్డని మన చెత్త ఆటోలో కాగితాలూ అట్టముక్కల మధ్య పడేస్తే, నీరు ఇంకిపోయాక నూనె మళ్లీ మొదలెడుతుంది. మీ ఇల్లు క్షేమం, ఆటో డ్రైవర్ సంగతి దేవుడెరుగు. మీ దేశంలో ఇలాంటివి డబ్బాతో సహా విడిగా తీసుకునే కేంద్రాలుంటాయి. మా కాలనీలో ఎవరికివ్వాలి?

నేనైతే దండెం మీద వేస్తా. మడత లేకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా, క్లిప్పులు పెట్టి, నీడలో గాలి తగిలేచోట. నూనె పూర్తిగా ఎండి గుడ్డ బిర్రబిగిశాక దానిలో ఇక వేడెక్కేది ఏమీ మిగలదు. అప్పుడు మామూలు చెత్తలో వేయొచ్చు.

న్యూజెర్సీ_బావ:
నాలుగో అంతస్తు బాల్కనీ అన్నాడు కదా ఆయన. గాలికి ఎగిరి కిందపడితే? పనమ్మాయి చూసి, మురికి గుడ్డలు కదా అని ఉండ చుట్టి బకెట్లో పెడితే? కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటేనే మీ దండెం పనికొస్తుంది.

చిత్రిక:
పనమ్మాయి పాయింటు ఒప్పుకుంటా. ముందే చెప్పి ఉంచాలి.

రంపపుపొట్టు:
అందరూ గుడ్డల దగ్గరే ఆగిపోయారు. ఒలికిన నూనె మీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, సంచిలో మూట కడతాం కదా? అదీ ఇంతే ప్రమాదం. టీక్ ఆయిల్, డానిష్ ఆయిల్ పేరుతో వచ్చే చాలా డబ్బాల్లో, ఆయిల్ బేస్ వార్నిష్‌లో కూడా ఉండేది ఇలా ఆరే నూనెలే.

బెజవాడ_అక్క:
మావాడి క్రికెట్ బ్యాటుకి రాసేది కూడా ఇదే నూనె కదా? ఆ గుడ్డ కిట్ బ్యాగులోనే ఉంటుంది. వంటింటి మసిగుడ్డ సంగతేంటి మరి?

రసాయనం_మాస్టారు:
అదే నూనె అమ్మా, సాధారణంగా పచ్చిది. కొద్దిగా రాసిన గుడ్డతో అంత ముప్పు లేదు గానీ బ్యాగులో మడిచి పెట్టకండి, తీసి ఆరేయండి. కొబ్బరినూనె ఆరదు, దానితో ఈ బెడద లేదు. సన్‌ఫ్లవర్ నూనె కొంత ఆరే రకం. ఒక గుడ్డతో ఏమీ కాదు. నూనె పూర్తిగా వదలని తువ్వాళ్లని డ్రయర్‌లో వేడి చేసి, వేడివేడిగా గుట్టపోయడం వల్ల లాండ్రీలు కాలిపోయిన సందర్భాలున్నాయి.

బాల్కనీ_వడ్రంగి:
సరే, ఇలా అనుకుంటున్నా. పాత బనియన్ని అరచేతి సైజు ముక్కలు చేసి వాడతా, గుడ్డ తక్కువైతే నూనె కూడా తక్కువే. ఆదివారం పొద్దున్నే పూత, వెంటనే ముక్కలు దండెం మీద. రాత్రికి ఎండకపోతే, చూసేవాళ్లుండరు కాబట్టి నీళ్లు పోసిన రేకు డబ్బాలోకి. మర్నాడు పిండి మళ్లీ దండెం. ఎండిపోయాకే చెత్తలోకి. తప్పుంటే చెప్పండి.

న్యూజెర్సీ_బావ:
నీళ్లున్నాయి కాబట్టి నాకు ఓకే.

చిత్రిక:
నాకూ ఓకే. బ్రష్షు తుడిచిన న్యూస్‌పేపర్ కూడా అదే దండెం మీదకే, మర్చిపోకు.

బాడిస:
ఇంత తతంగం దేనికి, అగ్గిపుల్ల గీసి కాల్చేస్తే పోలా?

చిత్రిక:
ఊళ్లో పెరట్లో అయితే సరే బాడిస గారూ. ఫ్లాట్ బాల్కనీలో మంట పెడితే, ఫైరింజన్ కంటే ముందు అసోసియేషన్ సెక్రటరీ వస్తాడు.