పొరపాటు ఒప్పుకున్న సైకాలజిస్టు దగ్గరే కొనసాగాలా?

నమస్కారం. మాది మిర్యాలగూడ. మా చెల్లెలికి ఓసీడీ (చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేని మానసిక సమస్య). కుళాయి కట్టేసి, మళ్లీ తిప్పి, వేళ్ల సందులు ఎర్రబడేదాకా చేతులు కడుగుతుంది. నల్గొండలో ఒక క్లినికల్ సైకాలజిస్టుకు చూపిస్తున్నాం. పోయినసారి ఆవిడ, "చేతులు కడుక్కోకుండా భయాన్ని ఓర్చుకునే అభ్యాసం తొందరపడి మొదలుపెట్టించాను, పొరపాటు నాదే. మా సీనియర్‌ను అడిగి మెట్టుమెట్టుగా వెళ్దాం" అన్నారు. చెల్లెలికి ఆవిడ మీద గురి ఇంకా పెరిగింది. నాన్న మాత్రం "నేర్చుకోవడానికి మన పిల్లే దొరికిందా? హైదరాబాద్ వెళ్దాం" అంటున్నారు. ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే అనుభవజ్ఞులైనా శిక్షణకు వెళ్తూనే ఉండాలని చెప్పినా వినరు. (మోకాళ్ల డాక్టరు మందులు మారిస్తే మాత్రం కిమ్మనరు!) ఈ చికిత్స తీసుకున్నవాళ్లు చెప్పండి: ఇలా మధ్యలో దిద్దుకున్నాక గుణం కనిపించిందా? నిజంగా మార్చాల్సిన పరిస్థితిని ఎలా గుర్తుపట్టాలి?