డాలీ పార్టన్ ఎల్విస్‌కి పాట ఇవ్వకపోవడం తెగువా, వీలుండి చేసిందా?

గోదారిగట్టు:
తెలియనివాళ్లకి ముందు సంగతి చెప్తా. డాలీ టెన్నెసీ కొండల్లో 12 మంది పిల్లలున్న పేదింట్లో పుట్టి, 1964లో స్కూలు అవ్వగానే నాష్‌విల్ వెళ్లిపోయిన కంట్రీ సింగర్. పోర్టర్ వాగనర్ టీవీ షో వదిలేస్తూ ఆయనకి వీడ్కోలుగా రాసుకున్న ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ 1974లో కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. రాక్ అండ్ రోల్ స్టార్ ఎల్విస్ ప్రెస్లీ ఆ పాట తను పాడతానన్నాడు, ఈవిడ పొంగిపోయింది, తీరా రికార్డింగ్ ముందు ఆయన మేనేజర్ కల్నల్ పార్కర్ ఫోన్ చేసి పబ్లిషింగ్‌లో, అంటే పాట హక్కుల మీద వచ్చే డబ్బులో, సగం రాసిస్తేనే అన్నాడు. రాత్రంతా ఏడ్చింది కానీ ఇవ్వలేదు. ఆమె కెరీర్ మొత్తంలో నాకు ఇంతకన్నా గొప్ప పని కనపడదు.

పల్నాటి_పాట:
ఇదంతా 1992లో విట్నీ హ్యూస్టన్ పాడి 14 వారాలు నంబర్ వన్‌లో కూర్చున్నాక అంటున్న మాటండీ. ఎల్విస్ అడిగేనాటికే డాలీకి పాట హిట్టు, టీవీ వల్ల ఊరూరా పేరు, మేనమామతో కలిసి పెట్టుకున్న పబ్లిషింగ్ కంపెనీ కూడా ఉంది, కాబట్టి కాదనగలిగింది. 1956లో ఎల్విస్‌కి పాట రాసిన ఓటిస్ బ్లాక్‌వెల్‌కి ఇవేవీ లేవు. ‘డోంట్ బీ క్రూయల్’ రాసింది ఆయనొక్కడే, అయినా పక్కన ఎల్విస్ పేరు వేసి సగం పట్టుకుపోయారు. మరి ఆయన పిరికివాడా?

గోదారిగట్టు:
ఆయన్ని ఎవరన్నారు పిరికివాడని? కాదనగలిగినవాళ్లు కూడా సరే అంటూ పోబట్టే కదా ఆ పద్ధతి అన్నేళ్లు నడిచింది. పైగా ఆమె షోలోంచి అప్పుడప్పుడే బయటికొచ్చింది, ఒంటరిగా నిలబడుతుందో లేదో ఎవరికీ తెలీదు, ఎల్విస్ గొంతులో పడితే పాప్ జనానికి ఆ ఒక్క పాటతోనే తెలిసిపోయేది. ఆ గుర్తింపు కోసం 1977 దాకా ఆగింది.

నల్లగొండ_సీను:
అన్నా, నేను పల్నాటి గారి వైపే. తెగువ లేనోడు కూడా రాస్తడు కదా, వానికి చట్టం ఉండాలె. మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టం మార్చినంక, సినిమా పాట రాసినోళ్లు సినిమా హాలు బయట ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. బ్లాక్‌వెల్‌కు అసుంటిది ఉంటే సగం పోయేదా?

గోదారిగట్టు:
చట్టం ఉండాల్సిందే సీనూ, అందులో నాకు పేచీ లేదు. కానీ 1992 చూసి మాట్లాడుతున్నానన్న మాట మాత్రం ఒప్పుకోను. విట్నీ కంటే పదేళ్ల ముందే, 1982లో, డాలీ అదే పాట మళ్లీ పాడితే మళ్లీ కంట్రీ నంబర్ వన్ అయింది. సగం పార్కర్ చేతిలో పెట్టుంటే ఆ డబ్బులోనూ సగం అటే పోయేది.