రూమ్ టెంపరేచర్ ప్లేటు ఇంత బాగా పెరిగిందేంటి? పీహెచ్ 4 అగార్ గడ్డకట్టట్లేదు, సాయం చేయండి

ఫైనలియర్_మైక్రో (విజయవాడ):

అన్నలూ అక్కలూ నమస్తే. బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ప్రాజెక్ట్ అందరూ చేసేదే, ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పు మారిస్తే బ్యాక్టీరియా పెరుగుదల ఎలా మారుతుంది అని. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఈ. కోలై, బాసిల్లస్ సబ్టిలిస్ స్టాక్ కల్చర్లు తీసుకుని న్యూట్రియంట్ అగార్ (బ్యాక్టీరియాకి ఆహారం కలిపి గడ్డకట్టించిన జెల్లీ) మీద స్ట్రీక్ చేశాను, అంటే గీతలుగా పూశాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ల్యాబ్‌లో బల్ల మీదే వదిలేసిన ఈ. కోలై ప్లేటు 37 డిగ్రీల ఇంక్యుబేటర్ ప్లేటుకి ఏమాత్రం తీసిపోలేదు, కాలనీలు దాదాపు అదే సైజు. సీనియర్ల రికార్డుల్లో మాత్రం రూమ్ టెంపరేచర్ దగ్గర గ్రాఫ్ కిందకి ఉంది. రెండోది, పీహెచ్ 4కి తెచ్చిన మీడియా (అగార్ కలిపిన ఆహార ద్రావణం) ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి ఉన్న ఆవిరితో స్టెరైల్ చేసి పోస్తే ఎంతసేపైనా గడ్డకట్టలేదు, ప్లేటు వంచితే గంజిలా జారుతోంది, అగార్ తూకం సరిగ్గానే వేశాను. ఇక ఫ్రిజ్‌లో పెట్టిన ఈ. కోలై ప్లేట్ల మీద ఏమీ రాలేదు. "4 డిగ్రీల దగ్గర చనిపోయింది" అని రాసేయమంటున్నారు ఫ్రెండ్స్. రాయొచ్చా? వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

ఫుడ్‌ల్యాబ్_అన్న:

తమ్ముడూ, నీ ప్లేటు కరెక్టే, రూమ్ టెంపరేచర్ అన్న మాటే తేడా. పుస్తకాల్లో అది 25 చుట్టుపక్కల. బెజవాడలో మే నెలలో ఏసీ లేని గది 36, 38 దాకా పోతుంది, అంటే నువ్వు రెండు ఇంక్యుబేటర్లు వాడినట్టే. సీనియర్లు డిసెంబరులో చేసి ఉంటారు. మంచి బ్రాత్‌లో (అగార్ లేని ద్రవ మీడియాలో) 37 దగ్గర ఈ. కోలై సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, 25కి దించితే అదే పనికి రెండు మూడు రెట్ల టైమ్ పడుతుంది, గ్రాఫ్‌లో ఆ పల్లం అక్కడిదే. కాబట్టి రికార్డులో "రూమ్ టెంపరేచర్" అని రాయకు, ప్లేటు పక్కన థర్మామీటర్ పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎంత ఉందో చూసి అది రాయి.

నిజంగా 25 కావాలంటే బీఓడీ ఇంక్యుబేటర్ అడుగు, అది చల్లబరుస్తుంది కూడా. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయడమే తప్ప గది కంటే కిందకి దించలేదు. ఇంకోటి, ఇంక్యుబేటర్ డిస్‌ప్లేని గుడ్డిగా నమ్మకు. బీకరులో నీళ్లు పోసి థర్మామీటర్ ముంచి ప్లేట్లు పెట్టే అరలోనే ఉంచు, పై అరకీ కింది అరకీ తేడా నీకే కనిపిస్తుంది. ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చినా మధ్య ప్లేటు ఆలస్యంగా వేడెక్కుతుంది.

అవకాశం ఉంటే 45 కూడా పెట్టు. "37 దాటితే ఈ. కోలై పోతుంది" అనుకుంటారు చాలామంది, కానీ నీళ్ల శాంపిళ్లలో ఫీకల్ కోలిఫామ్ (మలం నుంచి వచ్చే ఈ. కోలై లాంటి బ్యాక్టీరియా) టెస్ట్ చేసేదే 44.5 దగ్గర.

పాఠాలు_చెప్పే_అక్క:

అగార్ సంగతి నేను చెప్తా. యాసిడ్, వేడి రెండూ కలిస్తే అగార్ గొలుసులు తెగిపోతాయి. నువ్వు ముందే పీహెచ్ 4కి తెచ్చి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉడికించావు, ఇక అది గడ్డకట్టే శక్తి ఎక్కడ మిగులుతుంది? మీడియాని మామూలు పీహెచ్ దగ్గరే ఆటోక్లేవ్ చెయ్యి, 50 డిగ్రీలకి చల్లారాక విడిగా స్టెరైల్ చేసిన యాసిడ్ కలిపి వెంటనే పోసెయ్యి. ఎంత యాసిడ్ పడుతుందో ముందే వేరే ఫ్లాస్కులో కొలిచి చూసుకో. కలిపాక మళ్లీ కరిగించకూడదు. అగార్ కూడా లీటరుకి 15 గ్రాములు కాకుండా 20 వెయ్యి. ఫంగస్ కోసం పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్‌ని టార్టారిక్ యాసిడ్‌తో పీహెచ్ 3.5కి తెచ్చేదీ ఇలాగే.

నన్నడిగితే పీహెచ్ భాగానికి ప్లేట్లు వదిలేసి బ్రాత్‌లో చెయ్యి, కలరీమీటర్‌లో 600 నానోమీటర్ల కాంతి దగ్గర టర్బిడిటీ (బ్రాత్ ఎంత మసకబారింది) చూడు. గంటగంటకీ రీడింగ్ తీస్తే లాగ్ (lag) ఫేజ్, అంటే పెరుగుదల మొదలవ్వకముందు ఉండే విరామం, సాగిపోవడం కూడా కనిపిస్తుంది, ప్లేటు మీద అది తెలియదు. ఒక చిక్కుంది, బ్యాక్టీరియా పెరిగేకొద్దీ బ్రాత్ పీహెచ్‌ని అదే మార్చేస్తుంది. పెప్టోన్ (మీడియాలోని ప్రోటీన్ ముక్కలు) తిని అమ్మోనియా వదిలితే పైకి, చక్కెర ఉంటే యాసిడ్ చేసి కిందకి. అందుకే చివర్లో కూడా పీహెచ్ కొలిచి రెండూ రాయి. వైవాలో చాలామంది నోరెళ్లబెట్టే ప్రశ్న అదే.

పాత_స్లాంట్:

ఫ్రిజ్ గురించి ఎవరూ చెప్పలేదు. చనిపోయింది అని రాయకు బ్రో. మీ డిపార్ట్‌మెంట్ స్టాక్ స్లాంట్లు (కల్చర్ దాచే ఏటవాలు అగార్ ట్యూబులు) ఎక్కడున్నాయి? ఫ్రిజ్‌లోనే కదా. 4 దగ్గర చచ్చేదైతే నీకు కల్చర్ ఎక్కడిది? ఆ ప్లేట్లు తీసి 37లో పెట్టు, రేపు చూడు.

ఫుడ్‌ల్యాబ్_అన్న:

అవును, కానీ "అస్సలు చావదు" అని కూడా రాయొద్దు. ఎక్కువ రోజులు ఉంచితే కొన్ని పోతాయి. ఎంత పోయాయో స్ట్రీక్ ప్లేటు చెప్పదు, డైల్యూషన్ చేసి (మెట్లుమెట్లుగా పల్చబరిచి ప్లేట్లలో పోసి) కాలనీలు లెక్కపెట్టాల్సిందే, 30 నుంచి 300 కాలనీలు వచ్చిన ప్లేటునే లెక్కలోకి తీసుకో. ఇంకా, ఫ్రిజ్‌లో అన్నీ ఆగిపోతాయనీ అనుకోకు, లిస్టీరియా 4 దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. మా ఫీల్డులో భయమంతా దానితోనే.

ఫైనలియర్_మైక్రో:

థాంక్యూ అన్నా, అక్కా. ఫ్రిజ్ ప్లేట్లు నిన్న సాయంత్రం 37లో పెట్టాను, ఈ పొద్దునకి రెండింటి మీదా కాలనీలు వచ్చేశాయి. "పెరుగుదల ఆగింది, మార్చాక మళ్లీ మొదలైంది" అని ఫొటోతో సహా రాస్తున్నా. ఉప్పుకి 0.5, 3, 7, 10 శాతం అనుకుంటున్నా, సరిపోతుందా?

పాఠాలు_చెప్పే_అక్క:

సరిపోతుంది. 7 దగ్గర సబ్టిలిస్ వస్తుంది, ఈ. కోలై రాకపోవచ్చు, అక్కడే నీ రెండు కల్చర్లూ విడిపోతాయి. మామూలు న్యూట్రియంట్ అగార్‌లో లీటరుకి 5 గ్రాముల ఉప్పు ముందే ఉంటుంది, దాన్ని లెక్కలో కలుపుకో. ఉప్పు ప్లేట్లని 24 గంటలకే చూసి "లేదు" అని రాసెయ్యకుండా 48 దాకా ఉంచు. అన్నీ అయ్యాక ప్లేట్లు డస్ట్‌బిన్‌లో పడేయకుండా ఆటోక్లేవ్ చేసే పారెయ్యి.