వేడెక్కితే ఆగిపోతున్న పాత టూ స్ట్రోక్ బండి

1994 మోడల్, 100 సీసీ టూ స్ట్రోక్. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది, కావలి నుంచి బిట్రగుంట వైపు 10 కిలోమీటర్లు బాగానే పోతుంది, ఆ తర్వాత స్విచ్ ఆపినట్టు టక్కున ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్ తీసి చూస్తే పొడిగానే ఉంటుంది, స్పార్క్ మాత్రం పసుపుగా, చాలా వీక్‌గా వస్తుంది. 20 నిమిషాలు చెట్టు కింద పెడితే మళ్లీ నీలం స్పార్క్, మళ్లీ మామూలే! ఈ ఎండల్లో మరీ ఎక్కువైంది.

కొత్త ప్లగ్ వేశాను, కార్బొరేటర్ కడిగించాను, పెట్రోల్ ట్యాంక్ మూత గాలి రంధ్రం చూశాను, ఫ్రెండ్ బండి సీడీఐ (స్పార్క్ ఎప్పుడు రావాలో చూసే ఎలక్ట్రానిక్ డబ్బా), హెచ్‌టీ కాయిల్ (ప్లగ్‌కి హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్) మార్చి కూడా చూశాను, తేడా లేదు. మెకానిక్ ఏమో ఇంజన్ దించి బోర్ (సిలిండర్ లోపలి గోడ కోసి సరిచేయడం) చేయించాలంటున్నాడు, నాకైతే నమ్మకం లేదు.

నా అనుమానం మాగ్నెట్ (ఇంజన్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం) లోపల ఉండి, సీడీఐకి కరెంట్ ఇచ్చే కాయిల్ మీద. మాగ్నెట్ ఊడదీయకుండా, బండి వేడిగా ఉన్నప్పుడే మల్టీమీటర్‌తో ఆ కాయిల్ పోయిందో లేదో ఎలా తేల్చుకోవాలి?