జావా నేర్చుకోవడానికి వీడియోలు చాలవా?

చిత్తూరు విద్యార్థిని:
ఎంసీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వెళ్లి వస్తాను. దారిలో ఫోనులో తెలుగు వీడియోలు చూస్తూనే జావా భాషలో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ (సమాచారాన్నీ దానిమీద చేసే పనులనూ క్లాస్ అనే ఒకే మూసలో కలిపి రాసే పద్ధతి) నేర్చుకున్నాను. మా సీనియర్లేమో వీడియోలు మానేసి పుస్తకం పట్టుకోమంటున్నారు. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే అలసిపోతున్నాను. వీడియోలు చాలవా?

బాలాజీ కాలనీ అధ్యాపకుడు:
చాలవమ్మా. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ పనులు మరో క్లాస్‌కు వారసత్వంగా రావడం) అంటే ఏమిటని పరీక్షలో అడిగితే సగం మంది "తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు" అని రాస్తారు. వీడియోల్లోనూ గైడ్లలోనూ అదే పోలిక. అడగవలసిన ప్రశ్న ఆస్తి గురించి కాదు. తండ్రి నిలబడే ప్రతిచోటా కొడుకును నిలబెట్టినా పని చెడకుండా ఉంటుందా అన్నది అసలు ప్రశ్న.

పుస్తకం కొనేముందు నీ కంప్యూటర్‌లోనే ఉన్న పాఠం చదువు. జావా ప్రోగ్రాములు రాయడానికి వేసుకునే జేడీకేతో పాటు జావా లైబ్రరీ సోర్సు (అసలు కోడ్) కూడా వస్తుంది. అందులో స్టాక్ క్లాస్ తెరిచి చూడు. పుష్, పాప్, పీక్, ఎంప్టీ, సెర్చ్: ఐదే మెథడ్లు (క్లాస్ చేసే పనులు). కానీ అది వెక్టర్ అనే జాబితా క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసింది, అంటే దాని నుంచి వారసత్వం తీసుకుంది. స్టాక్ అంటే పళ్లేల దొంతర కదా, పైన పెట్టి పైనుంచే తీయాలి. వెక్టర్‌కు ఆ నియమం లేదు. వెక్టర్ పిల్లగా పుట్టినందువల్ల స్టాక్‌కూ మధ్యలో దూర్చే మెథడ్లన్నీ వచ్చిపడ్డాయి. 1996లో వచ్చిన మొదటి జావా నుంచీ ఇంతే. స్టాక్ కావాలంటే డెక్ (రెండు కొసల్లోనూ పెట్టి తీయగల వరుస) వాడమని జావా డాక్యుమెంటేషనే చెబుతోంది.

ప్లేస్‌మెంట్ శిక్షకుడు:
సార్, మీ మాట కాదనలేను కానీ ఆ సోర్సు మొదటి ఏడాది పిల్లల ముందు పెడితే బెదిరిపోతారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు క్లాస్ అంటే ఏమిటో మొదట అర్థమయ్యేది సొంత భాషలో విన్నప్పుడే. ఇంటర్వ్యూలో అడిగేదీ నిర్వచనాలే. ఉద్యోగం వచ్చాక లోతు చూసుకుంటారు.

చిత్తూరు ఇంజినీరు:
ఉద్యోగం వచ్చాక చూసుకునే తీరిక నాకైతే దొరకలేదండీ. ఇక్కడ ఒక మామిడి గుజ్జు కర్మాగారానికి లెక్కల ప్రోగ్రాము రాశాను. సీజను మధ్యలో డేటాబేస్‌ను మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారమన్నారు. జేడీబీసీ (జావా ఏ డేటాబేస్‌తోనైనా మాట్లాడే పద్ధతి) ఇంటర్‌ఫేస్‌ల మీద, అంటే ఏ పనులు చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందాల మీద రాసిన భాగంలో డ్రైవరు, కనెక్షన్ చిరునామా మారిస్తే చాలింది. నేరుగా మైఎస్‌క్యూఎల్ యాసలో రాసిన క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) మాత్రం రెండు రాత్రులు తినేశాయి. కాంపొనెంట్ అంటే అప్పుడు తెలిసింది: లోపల ఏముందో చూడకుండా, ఒప్పుకున్న ఇంటర్‌ఫేస్‌ను నమ్మి ఊడదీసి మరొకటి బిగించగలగడం. విడిభాగాల్లా సాఫ్ట్‌వేర్ తయారు కావాలని 1968లోనే జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సులో కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ మెకిల్‌రాయ్ అడిగారు. మనం ఇప్పటికీ ఇన్‌హెరిటెన్స్‌కు నాలుగు తరగతులు, ఇంటర్‌ఫేస్‌కు అరగంట ఇస్తున్నాం.

బాలాజీ కాలనీ అధ్యాపకుడు:
అరగంట మాట నిజమే. మా సిలబస్ కూడా అలాగే ఉంది. వీడియోలు మానమని నేనూ అనను. చూసిన ప్రతి వీడియోకు ఒక క్లాస్ సోర్సు జత చేసుకుంటే బెదురు పోతుంది.

చిత్తూరు విద్యార్థిని:
సార్, ఆదివారం స్నేహితురాలి కంప్యూటర్‌లో చేసి చూశాను. స్టాక్‌లో 10, 20 పుష్ చేసి, యాడ్‌తో సున్నా స్థానంలో 5 పెట్టాను. అడ్డు చెప్పలేదు. పాప్ చేస్తే 20, 10, చివరికి 5 వచ్చాయి. దొంతర ఎత్తకుండానే అడుగున పళ్లెం చేరింది! తర్వాత పక్క ఫైళ్లు కూడా తిరగేశాను. సెట్టింగులు దాచే ప్రాపర్టీస్ క్లాస్, పేరు-విలువ జంటలు దాచే హ్యాష్‌టేబుల్‌ను ఎక్స్‌టెండ్ చేసింది. స్ట్రింగులే (అక్షరాల వరుసలే) ఉండాల్సిన చోట పుట్‌తో అంకె పెడితే తీసుకుంది. ఇదీ అదే పొరపాటేనా సార్?