ఎస్వీ రంగారావు గారు కథానాయకుడిగా ఎందుకు కొనసాగలేదు?

ప్రశ్న (గోదావరి పాఠకుడు):
ఎస్వీ రంగారావు గారు 1918 జూలై 3న నూజివీడులో జన్మించారు. ఎన్టీ రామారావు గారు 1923లో జన్మించారు కనుక ఇద్దరికీ వయసులో అయిదేళ్ల తేడా మాత్రమే ఉంది. అయినప్పటికీ 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడిగా నటించే నాటికి రంగారావు గారికి ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. 1955లో ‘మిస్సమ్మ’ వచ్చేసరికి ఆయన సావిత్రి గారికి తండ్రి అయిపోయారు. ఆ విగ్రహం, ఆ కంఠం ఉన్న నటుడిని కథానాయకుడిగా ఎవరూ ఊహించలేదా?

జవాబు (బందరు వాసి):
ఊహించారు, చిత్రం కూడా తీశారు. ఆయన తొలి చిత్రం ‘వరూధిని’లో ప్రవరుడి పాత్ర ఆయనదే. అది ఆడలేదు. అంతకుముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసిన ఆయన, ఆ పరాజయం తరువాత జంషెడ్‌పూర్‌లోని టాటా సంస్థలో ఉద్యోగానికి వెళ్లి, కొంతకాలానికి మళ్లీ మద్రాసు చేరుకున్నారు. 1949లో వచ్చిన ‘మనదేశం’ రామారావు గారికి తొలి చిత్రం. అందులో రంగారావు గారు కూడా ఉన్నారు. ఆ తరువాత విజయా వారు ఒకరిని తోటరాముడిగా, మరొకరిని మాంత్రికుడిగా నిలబెట్టడంతో ఇద్దరి దారులూ స్థిరపడిపోయాయని నా అభిప్రాయం.

జవాబు (సరస్వతి):
పరాజయం ఒక్కటే కారణమంటే నేను అంగీకరించలేను. వయసును, వరుసను ఇష్టం వచ్చినట్లు మార్చుకోగల నటుడికి ప్రేమికుడి పాత్ర ఇరుకే అవుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో తనకన్నా చిన్నవారైన రామారావు గారు కృష్ణుడు కాగా, ఈయన ఆ కృష్ణుడి ముందు చేతులు కట్టుకుని నిలబడే ఘటోత్కచుడు, అక్కడ ఆ వినయం ఎంత ముచ్చటగా ఉంటుందో! అదే చిత్రంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత, సావిత్రి గారు ఆ దర్పాన్ని, ఆ నడకను, ఆ చూపును తన ఒంటి మీదకు తెచ్చుకుని నటించారు. ఒక నటుడి హావభావాలు ఎంత స్పష్టంగా ముద్రపడి ఉంటే మరొక మహానటి వాటిని ధరించి ప్రేక్షకులను ఒప్పించగలదో ఆలోచించండి. పాట పాడింది మాధవపెద్ది సత్యం గారే అయినా, ‘వివాహ భోజనంబు’ అనగానే మనకు వినిపించేది రంగారావు గారి నవ్వే.

జవాబు (నాటకాభిమాని):
అసలు కథానాయకుడంటే జంటపాటలు పాడేవాడు మాత్రమేనా? బి.ఎన్. రెడ్డి గారి ‘బంగారు పాప’ను మోసింది రంగారావు గారి కోటయ్యే. కరుడుగట్టిన మనిషి ఒక పసిబిడ్డ వల్ల మెత్తబడడం అందులో చూడాలి. ‘నర్తనశాల’ (1963)లో రామారావు గారు బృహన్నల, సావిత్రి గారు సైరంధ్రి. అయినా 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం కీచకుడికే దక్కింది. ఆయన కీచకుడు అరిచి భయపెట్టడు. అధికారం తన సొత్తన్న ధీమాతో నడుస్తాడు, అందుకే మరింత భయం వేస్తుంది. తరువాత ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ చిత్రాలకు స్వయంగా దర్శకత్వం వహించారు. 1974 జూలై 18న మరణించే నాటికి ఆయన వయసు యాభై ఆరేళ్లే కనుక, తెర మీద మనం చూసిన ఆ వృద్ధులలో చాలామంది వయసు ఆయనకు ఎన్నడూ రానేలేదు. మీరు ‘బంగారు పాప’ చూడకపోయి ఉంటే, ‘మిస్సమ్మ’ కన్నా ముందు దానినే చూడండి.