ఊరి గుట్టను కాపాడుకోవాలి, గొర్రెల కాపరులను ఎలా కలుపుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది కదిరి వైపు పల్లె. ఊరి వెనక గుట్ట పోరంబోకు ఉంది. ఏటా ఎండాకాలం మంటలు లేచి గడ్డంతా బూడిదవుతోంది, మొక్క నిలవడం లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో ఊళ్లవాళ్లే కాపాడుకున్న కల్పవల్లి అడవి గురించి విన్నప్పటి నుంచి మేమూ మొదలుపెట్టాలని ఆశ. బోడి గుట్టలుగా ఉన్న వేల ఎకరాలను ఊళ్లే అడవిగా నిలబెట్టాయంటే మామూలు విషయం కాదు.

మా ఊళ్లో గొర్రెల కాపరులకు ఒకటే టెన్షన్: కంచె వేసి మేపు ఆపేస్తారని. వాళ్ల భయం న్యాయమే. వాళ్లు లేకుండా ఈ పని జరగదు, జరగకూడదు కూడా.

ఇలాంటి పని చేసినవాళ్లు చెప్పండి. మేపును వంతులవారీగా ఎలా పెట్టుకున్నారు? కావలివాళ్ల జీతం ఎక్కడి నుంచి ఇచ్చారు? మంట పాకకుండా గడ్డి కోసి దారులు ఏ నెలలో తీయాలి? 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ వేసుకుంటే తహసీల్దారు దగ్గర మాట చెల్లుతుందా, లేక సహకార సంఘం రిజిస్టర్ చేయించుకోవాలా? ఉమ్మడి భూముల ఆక్రమణలపై 2011లో సుప్రీంకోర్టు ఇచ్చిన జగ్‌పాల్ సింగ్ తీర్పును అర్జీలో ఎవరైనా వాడారా? పాత అర్జీ నమూనా ఉంటే పంపండి, చాలా మేలు చేసినవాళ్లవుతారు.